బంతి రాకముందే చూడాలి

2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలిసే ఉంటుంది. కానీ ఆయన మన హైదరాబాద్ మనిషేనని, బడిలో పాఠాలు చెప్పిన టీచరని మన క్యాంపస్‌లో చాలామందికి తెలీదు. అందుకే ఇది రాస్తున్నా.

రహీం సాబ్ 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పనిచేశారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. సికింద్రాబాద్ పక్కనున్న అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాంని గుర్తించి పైకి తెచ్చిందీ ఆయనే.

ఆయన నేర్పే పద్ధతి నాకు భలే నచ్చింది. డ్రిబ్లింగ్ చేయకూడదనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టేవారు. ఇంకోసారి అలవాటు లేని కాలితోనే ఆడమనేవారు. వినడానికి పనిష్మెంట్‌లా ఉంటుంది. కానీ బంతిని కాలి దగ్గర ఉంచుకునే వీల్లేనప్పుడు ఏం చేస్తాం? అది మన దగ్గరికి రాకముందే ఎవరు ఖాళీగా ఉన్నారో, డిఫెండర్ ఎటు ఒరుగుతున్నాడో చూసి పెట్టుకుంటాం.

నేను ఆడేది బాస్కెట్‌బాల్. మా ఆటలో స్క్రీన్ వాడటం అంటే ఇదే. మనవాడు డిఫెండర్ దారిలో గోడలా నిలబడతాడు. మనం వాడి భుజాన్ని రాసుకుంటూ పోవాలి. డిఫెండర్ మన వెనకాలే వస్తే బాస్కెట్ వైపు తిరగాలి. అడ్డదారిలో ముందుకొస్తే దూరం జరిగి షాట్ కొట్టాలి. మా ఇల్లు మోండా మార్కెట్ పక్క సందులో కాబట్టి జూనియర్లకి నేను చెప్పే ఉదాహరణ ఒకటే: పొద్దున్నే రద్దీలో బస్తా మోసే హమాలీ వెనకాల అంటుకుని నడిస్తే దారి దొరుకుతుంది. కానీ ఎదురుగా వచ్చే తోపుడుబండి ఎటు తిరుగుతుందో చూడకపోతే మోకాలు పగులుతుంది.

రహీం సాబ్ 1951లో భారత జట్టుకి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకి నాలుగో స్థానం దక్కింది. 1962లో జకార్తా వెళ్లేసరికి ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని బయట కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు. డిఫెండర్ ఎలా ఆలోచిస్తాడో ఇంకో డిఫెండర్‌కి కాక ఎవరికి తెలుస్తుంది? ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది.

తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ పోయారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ స్వర్ణం రాలేదు.

ఈ వారం నుంచి మా ప్రాక్టీస్‌లో మొదటి పది నిమిషాలు డ్రిబ్లింగ్ బంద్. మీరూ కోర్టుకి రండి, ఆడి చూడండి.