ఆ మెట్లు ఎవరు కట్టారు?

పోయిన ఏడాది మార్చిలో మహిళా దినోత్సవం నాడు మా మైలవరంలో బడిపిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఏవో నాలుగు కథలు అచ్చయిన పుణ్యాన ఇలాంటి పిలుపులు అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఆడపిల్లలకు చెప్పడానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ కంటే ఎవరుంటారు? ఎనిమిదేళ్లకే పెళ్లి, మధ్యలో ఆగిన చదువు, జైలు.. చివరికి రాజ్యాంగ సభ! ఎవరి సాయమూ లేకుండా తనంతట తానే పైకొచ్చిందనీ, పట్టుదల ఉంటే మీరూ రావచ్చనీ ముగించాను. చప్పట్లు బాగానే కొట్టారు.

బయటికి వస్తుంటే పదో తరగతి పిల్ల ఒకతి వెంటబడి వచ్చింది. దుర్గాబాయి చదువుకునేటప్పుడు వాళ్లింట్లో పనికి ఎవరు పోయేవాళ్లని అడిగింది. వెటకారమేమీ లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. వాళ్లమ్మ నాపరాళ్ల పాలిష్ పనికి పోతుంది. నాన్నకు నడుం పడిపోయింది. కింద ఇద్దరు తమ్ముళ్లు. పది అయ్యాక తను ఇంట్లో వంటచేసి తమ్ముళ్లను చూసుకోవాలి, పత్తి తీసే రోజుల్లో కూలికి పోవాలి. ఆ మాటలు ఎంత మామూలుగా చెప్పిందంటే, నాకు నోట మాట రాలేదు. బాగా చదువుకోమ్మా అని ఏదో గొణిగి ఇంటికొచ్చేశాను.

వచ్చాననే గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చిన్నప్పటి నుంచి విన్న దుర్గాబాయి కథను మళ్లీ మొదటి నుంచీ తిరగేశాను. ఈసారి ఆమె ఎక్కిన మెట్లను కాదు, ఆ మెట్లు ఎవరు కట్టారా అని చూశాను. అప్పుడు కనిపించిన దుర్గాబాయి నేను బడిలో చెప్పిన దుర్గాబాయి కాదు.

కాదన్న పిల్ల.. సరేనన్న నాన్న

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. బ్రాహ్మణ కుటుంబం. పెద్ద సిరిసంపదలు లేకపోయినా, పిల్ల కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇల్లు మాత్రం కాదు. ఆ రోజుల ఆచారం ప్రకారం ఎనిమిదేళ్లకే సుబ్బారావు అనే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. ఇంగ్లిషు చదువు వద్దని పన్నెండేళ్లకే బడి మానేసింది. తను హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ బడి పెట్టి పాఠాలు చెప్పింది.

యుక్తవయసు వచ్చాక కాపురానికి వెళ్లనని చెప్పేసింది. ఇక్కడే మనం దుర్గ ధైర్యాన్ని మెచ్చుకుని ముందుకు సాగిపోతాం. ధైర్యమే, కాదనను. కానీ ఆ కాలంలో కాపురానికి పోనన్న పిల్లలు ఇంకా ఎందరుండి ఉంటారు? వాళ్లను బండెక్కించి పంపేసి ఉంటారు. దుర్గ మాటకు తండ్రీ, తోబుట్టువూ అండగా నిలబడ్డారు. ఆమె నోటి నుంచి వచ్చిన కాదు అన్న మాట ఆ ఇంట్లో చెల్లింది. చెల్లకపోయి ఉంటే? మనకు దుర్గాబాయి పేరు తెలిసేదే కాదు.

ఆ అయిదు వేలు ఎవరివి?

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. అప్పుడు దుర్గకు పన్నెండేళ్లు కూడా నిండలేదు. ఆ ఊళ్లోని దేవదాసీలనూ, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలనూ గాంధీగారికి చూపించాలని ఆ పిల్ల కోరిక. ఆయన మాట వింటే వాళ్ల బతుకులు మారతాయని ఆశ. పెద్దలు నవ్వి, అయిదు వేల రూపాయల నిధి పోగుచేస్తే అయిదు నిమిషాలు ఇప్పిస్తామన్నారట. ఆ రోజుల్లో అయిదు వేలంటే మాటలా! పిల్ల ఎలాగూ తేలేదనుకున్నారు. తెచ్చింది. గాంధీగారు వచ్చారు, అయిదు నిమిషాలను మించి మాట్లాడారు. ఆయన మాటలను దుర్గే తెలుగులో చెప్పింది. చేతి గాజులు తీసి ఇచ్చేసింది.

ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో! చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి వదిలేశాను. ఆ డబ్బు ఎవరిచ్చారు? ఆ దేవదాసీలే పోగుచేసి ఇచ్చారు. ఊరు పక్కన పెట్టిన ఆడవాళ్లు తమ దగ్గరున్నది ఊడ్చి ఒక చిన్నపిల్ల చేతిలో పెట్టారు. దుర్గాబాయి జీవితంలో మొదటి పెద్ద గెలుపు వెనుక ఉన్నది వాళ్ల సొమ్ము. దుర్గ పేరు పుస్తకాలకెక్కింది. మనం చెప్పుకునే కథలో వాళ్ల పేర్లు ఒక్కటీ లేవు.

రెండేళ్లకు, 1923లో, కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర టికెట్లు చూసే పని దుర్గది. టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు టికెట్ కొన్నాకే లోపలికి వదిలింది. ఇది అందరికీ తెలిసిన ముచ్చటే. కానీ పద్నాలుగేళ్ల ఆడపిల్లకు వాకిట్లో నిలబడి మనుషుల్ని ఆపే అధికారం ఇచ్చినవాళ్లు ఉన్నారు కదా! చాలా ఇళ్లల్లో ఆ వయసు పిల్ల వాకిట్లోకి రావడమే తప్పు.

జైలే బడి అయింది

1930లో ఉప్పు సత్యాగ్రహంలో దుర్గాబాయి మద్రాసులో అరెస్టయ్యారు. 1933 దాకా మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు, మదురై జైళ్లు చూశారు. మదురైలో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం దెబ్బతింది. అయితే జైల్లో ఆమెను కలిచివేసింది తన కష్టం కాదు. తోటి ఆడ ఖైదీల కథలు. ఏం నేరం మోపారో కూడా సరిగ్గా తెలియని వాళ్లు, ఎవరు ఏం చెప్పమంటే అది ఒప్పుకున్నవాళ్లు, అక్షరం రాక, అడిగే దిక్కు లేక లోపల మగ్గుతున్నవాళ్లు. బయటికి వెళ్లాక లాయరు చదవాలనీ, ఇలాంటివాళ్ల కోసం నిలబడాలనీ ఆమె అక్కడే అనుకున్నారు.

ఇరవై నాలుగేళ్ల మనిషి మళ్లీ మొదటి నుంచీ పుస్తకాలు పట్టారు. కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. ఇంటర్ అక్కడే చదివారు. బి.ఏ.లో రాజనీతి శాస్త్రం చదువుతానంటే, అది మగపిల్లలు చదివేదన్నారు. సరేనని వాల్తేరులో ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వస్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు.

ఇలాంటి చోట ఏ పట్టుదల పనికొస్తుంది చెప్పండి? ఎంత తెలివైన పిల్లయినా రాత్రి తల దాచుకునే చోటు లేకపోతే పొద్దున క్లాసుకు ఎలా పోతుంది? దుర్గాబాయి పేపర్లో ప్రకటన వేశారు. చదువుకోవాలని ఉండీ వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలుంటే రమ్మన్నారు. పదిమంది దాకా వచ్చారు. అందరూ కలిసి తామే హాస్టలు నడుపుకున్నారు. వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు కాదనలేకపోయారు. ఆ పదిమందీ రాకపోతే ఆమెకు సీటు లేదు. ఆమె ప్రకటన వేయకపోతే ఆ పదిమందికీ చదువు లేదు. ఇందులో ఎవరు ఎవరిని పైకి తెచ్చినట్టు? 1939లో ఆమె బి.ఏ. ఆనర్స్ ప్యాసయ్యారు. 1942లో మద్రాసులో లాయరయ్యారు.

తను ఎక్కిన మెట్టు పడగొట్టలేదు

పైకొచ్చిన చాలామంది ఇక్కడితో ఆగుతారు. నేను రాలేదా, మీకేం రోగం అంటారు. మన చుట్టాల్లో అలాంటి వాళ్లను మీరూ చూసే ఉంటారు. దుర్గాబాయి అలా అనలేదు. ఇంకా తన చదువు పూర్తికాక ముందే, 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభకు పునాది వేశారు. తనలాగే మధ్యలో చదువాపేసిన తెలుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని కాశీ మెట్రిక్‌కు తయారుచేశారు. అదే తర్వాత హాస్టళ్లు, స్కూళ్లు, ఆస్పత్రులు, కాలేజీలుగా పెరిగి హైదరాబాదుకూ వచ్చింది.

వీటన్నిటికన్నా నా మనసుకు హత్తుకున్నది ఇంకొకటుంది. దుర్గాబాయి కాపురానికి వెళ్లనన్నాక సుబ్బారావుగారు వేరే పెళ్లి చేసుకున్నారు. ఆయన చనిపోయాక ఆ రెండో భార్య ఆదరించేవాళ్లు లేక మిగిలిపోయింది. ఆమెను మహిళా సభకు రప్పించి, పని నేర్పించి, తన కాళ్ల మీద నిలబడేలా చేసింది దుర్గాబాయే. తను తప్పించుకున్న చోట ఇంకొక ఆడది ఇరుక్కుందని మర్చిపోని మనిషి ఆమె.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. ఆ సభలోని 15 మంది స్త్రీలలో ఆమె ఒకరు. అధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క స్త్రీ కూడా ఆమే. ఆడపిల్లలకు ఆస్తి హక్కు కోసం వాదించారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయినా ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 జనవరి 22న అప్పటి ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. సాక్షుల్లో నెహ్రూ ఒకరు. టికెట్ అడిగిన పిల్ల పెళ్లికి ఆయన సాక్షి సంతకం పెట్టారన్నమాట!

ఆ ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పనిచేయడానికి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావాలి. కావలసిన చదువున్న ఆడవాళ్లు దొరకరు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లేమో ఊరూరా ఉన్నారు. ఈ రెండింటినీ కలిపి, 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. మధ్యలో బడి మానేసిన స్త్రీలకు కొన్నేళ్ల పాఠాలను తక్కువ కాలంలో చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడం వాటి పని. అంటే ఏమిటి? దుర్గాబాయి ఒకప్పుడు ఒంటరిగా కుస్తీపట్టిన దారిని రోడ్డుగా వేయించారు. ఆమె అధ్యక్షతన స్త్రీ విద్య మీద వేసిన జాతీయ కమిటీ 1959లో నివేదిక ఇచ్చింది. ఆడపిల్లల చదువును ప్రత్యేక సమస్యగా చూడాలనీ, దానికి విడిగా డబ్బు పెట్టాలనీ అడిగింది. ఆడపిల్లలకు పట్టుదల పెంచండి అని చెప్పి ఊరుకోలేదు, చూశారా! 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న కన్నుమూశారు.

నేను దిద్దుకున్న పాఠం

దుర్గాబాయి గొప్పతనాన్ని తగ్గించాలని ఇదంతా చెప్పడం లేదు. ఆమెకు దొరికిన సాయమే ఇంకొకరికి దొరికినా ఆమె చేసినంత చేయలేకపోవచ్చు. అయితే, మా ఊరి డ్యామ్ నిండా నీళ్లున్నా కాలువ లేని చేనుకు చుక్క రాదు. పిల్లల్లో తెలివీ పట్టుదలా అంతే. ఒంటరిగా గెలిచిందన్న కథ వినడానికి బాగుంటుంది గానీ, దాంట్లో ఒక ముల్లుంది. గెలవని పిల్లకు పట్టుదల లేదన్న నింద ఆ కథలోంచే పుడుతుంది. ఆ రోజు నేను తెలియకుండా ఆ ముల్లునే ఒక పిల్లకు గుచ్చి వచ్చాను.

పరీక్షలు అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. తల్లికి చదువంటే అయిష్టమేమీ లేదు. ఆమె లెక్క ఆమెది. జమ్మలమడుగులో కాలేజీకి పంపితే ఇంట్లో చిన్నవాళ్లను ఎవరు చూడాలి, పత్తి తీసే రోజుల్లో వచ్చే కూలి ఎక్కడి నుంచి రావాలి అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఒక్క లెక్కా తప్పని చూపించలేకపోయాను.

చివరికి నేనూ, మా వీధిలో ఇంకో ఇద్దరం కలిసి ఫీజు కట్టి ఆ పిల్లను ఓపెన్ స్కూల్ ఇంటర్‌లో చేర్పించాం. పగలు ఇంటి పని, కూలి పని. సాయంత్రం ఏడింటికి తమ్ముళ్లిద్దరినీ వెంటబెట్టుకుని మా వసారాలోకి వస్తుంది. చిన్నవాళ్లకు మా అత్తగారు కథలు చెబుతారు, ఈ పిల్లకు నేను పాఠం చెబుతాను. కొన్ని రోజులు పుస్తకం మీదే కునికిపాట్లు పడుతుంది. అప్పుడు పట్టుదల గురించి మాట్లాడను. పావుగంట పడుకోనిచ్చి లేపుతాను. ప్యాసవుతుందో లేదో తెలియదు. పత్తి దించే రోజుల్లో పరీక్ష పడకుండా ఉంటే బాగుండునని మాత్రం అనుకుంటాను.

ఈ ఏడాది కూడా మహిళా దినోత్సవానికి పిలిచారు. మళ్లీ దుర్గాబాయి గురించే చెప్పాను. దేవదాసీలిచ్చిన అయిదు వేలతో మొదలుపెట్టాను.