విశ్రాంతి గృహములో మొదలైన పని



మరల వేసవి వచ్చినది. మన పుత్తూరు ప్రాంతమున మామిడికాయలు కోతకు వచ్చు దినములివి. గత వేసవిలో మేము జబ్బుపడి లేచినప్పుడు, ఒక నెల ప్రసంగములు మానవలెనని వైద్యులు ఖండితముగా చెప్పిరి. సంఘపెద్ద యొకరు తన మామిడితోటలోని పెంకుటింట మాకు చోటిచ్చెను. కూలికి పోవు మన సంఘ బిడ్డలు ఎండలో మాడుచుండగా కాపరి నీడను పండుకొనుట తగునా యని మా మనస్సు పొడుచుచుండెను. ఆ దినములలోనే రవీంద్రనాథ ఠాకూరు జీవితమును చదివితిమి. ఆయన క్రైస్తవుడు కాడు. బ్రహ్మసమాజపు కుటుంబములో పుట్టినవాడు. అయినను ఆయన విశ్రమించిన రెండు ఇండ్ల సంగతి మీతో చెప్పవలెనని యున్నది. వానిలో ఒకటి మనకు దాపుననే యున్నది.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తాలో జమీందారీ కుటుంబమున జన్మించెను. తండ్రి దేవేంద్రనాథుడు భక్తిపరుడు. 1901లో రవీంద్రుడు శాంతినికేతనములో కొద్దిమంది పిల్లలతో పాఠశాల పెట్టెను. మరుసటి యేటనే భార్య మరణించెను. 1903లో ఒక కుమార్తె, 1905లో తండ్రి, 1907లో చిన్న కుమారుడు గతించిరి. ఇన్ని సమాధుల నడుమ ఆయన వ్రాసిన పాటలే బంగాళీ గీతాంజలిగా 1910లో వెలువడెను.

1912 మార్చిలో ఆయన ఇంగ్లాండుకు ప్రయాణము కట్టెను. సామానులు ఓడకెక్కెను గాని, బయలుదేరవలసిన వేళకు ఆయన జబ్బుపడెను. ప్రయాణము ఆగిపోయెను. పద్మానది ఒడ్డున షిలైదాలో తమ కుటుంబమునకు గల పల్లెటూరి ఇంటికి విశ్రాంతి కొరకు వెళ్లెను. అది నేడు బంగ్లాదేశములో నున్నది. చైత్రమాసము, మామిడిపూత వాసన, పక్షుల కూతలు. క్రొత్తగా వ్రాయుటకు శరీరములో శక్తి లేదు. ఊరకుండుటకు మనస్సు ఒప్పలేదు. అందుచేత తన పాటలనే ఒక చిన్న నోటుపుస్తకములో ఇంగ్లీషులోనికి మార్చుట మొదలుపెట్టెను. అది లోకమునకు చూపవలెనని కాదు. ఆ పాటలు వ్రాసిననాటి సంతోషమును మరల రుచి చూచుటకే.

మే నెలలో ఓడయెక్కి, దానిమీదను ఆ పని సాగించెను. లండనులో ఆ వ్రాతప్రతి యున్న సంచిని ఆయన కుమారుడు భూగర్భ రైలులో మరచిపోయెను! పోయిన వస్తువులు భద్రపరచు కార్యాలయములో అది దొరికెను. ఏట్సు అను ఐరిష్ కవి దానికి పీఠిక వ్రాసెను. 1912లో మొదట 750 ప్రతులు మాత్రమే అచ్చయ్యెను. 1913లో నోబెల్ బహుమానము వచ్చెను. ఆసియా ఖండములో ఆ బహుమానము పొందిన మొదటివాడు ఆయనయే. లండనులో ఆ పాటలు చదువగా విన్నవారిలో ఆండ్రూసు అను మిషనెరీ యుండెను. తరువాత ఆయన శాంతినికేతనమునకు వచ్చి రవీంద్రునికి ఆప్తమిత్రుడాయెను.

ఇక రెండవ ఇల్లు. 1919లో రవీంద్రుడు దక్షిణదేశమున ఊరూర ఉపన్యాసములిచ్చుచు అలసిపోయెను. ఫిబ్రవరి నెలాఖరున, ఎండలు ముదరనారంభించు వేళ, మదనపల్లెకు వచ్చెను. ఆ ఊరు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నున్నది. పలు మిషనులు కూడి క్షయరోగుల కొరకు ఆరోగ్యవరమును నెలకొల్పినది ఆ పొడిగాలిని చూచియే గదా! అనిబిసెంటు 1915లో స్థాపించిన కళాశాలకు అప్పుడు జేమ్సు కజిన్సు అను ఐరిష్ కవి ప్రిన్సిపాలు. అక్కడి కుటీరములో రవీంద్రుడు కొన్ని దినములు బస చేసెను.

ఒక సాయంకాలము విద్యార్థుల పాటల కూటములో ఆయన 1911లో వెలువడిన తన జనగణమన పాడెను. భాష రాని పిల్లలు సైతము పల్లవి అందుకొనిరి. సంగీతము నేర్చిన మార్గరెట్ కజిన్సమ్మగారు ఆ రాగమునకు స్వరములు కట్టి వ్రాసిరి. ఫిబ్రవరి 28న ఆయన ఆ పాటను స్వహస్తముతో ఇంగ్లీషులో వ్రాసెను. 1950 జనవరి 24న అది మన జాతీయగీతమాయెను.

మదనపల్లె విడిచిన ఆరు వారములకు, ఏప్రిల్ 13న, జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగెను. 1915లో ప్రభుత్వమిచ్చిన సర్ బిరుదును ఆయన మే నెలాఖరున త్యజించెను. విశ్రమించినవాడు కష్టమునుండి దాగుకొనలేదు. ఆయన 1941 ఆగస్టు 7న కన్నుమూసెను.

ఇదంతయు చదివి మేము సిగ్గు విడిచితిమి. అలసిన శిష్యులను ప్రభువు తానే ఏకాంతమునకు పిలిచెనని మార్కు సువార్త ఆరవ అధ్యాయములో నున్నది గదా. ఆ తోటలో మేమును ఒక చిన్న పని మొదలుపెట్టితిమి. గతించిన మన సంఘ వృద్ధుల సంగతులను, ఎవరు ఏ ఊరినుండి వచ్చిరో, ఏ కష్టములు పడిరో, నోటుపుస్తకములో వ్రాయసాగితిమి.

అయితే మరియొక సంగతియు మా కంటబడెను. షిలైదా ఇల్లు రైతుల శిస్తుతో నిలిచినది. రవీంద్రుడు అక్కడ ఎస్టేటు చూచుకొనుచు వారి బీదతనమును దగ్గరగా ఎరిగినవాడే. మేము పండుకొనిన ఇంటికిని ఒక కావలివాడు కలడు. అతనికి వారమున ఒక దినమైనను సెలవు లేదు. ఆదివారము గుడిగంట వినబడగా లేచి నిలిచెడివాడు. తోట విడిచి రాలేక మరల కూర్చుండెడివాడు. మా విశ్రాంతి అతని మెలకువమీద నిలిచియుండెను! విశ్రాంతిదినపు ఆజ్ఞలో యజమానుని పేరే కాదు, దాసుని పేరును ఉన్నది.

ఈ మాట ఆ పెద్దతో చెప్పుటకు మాకు మూడు దినములు పట్టెను. ఆయన యిల్లు, ఆయన అన్నము తినుచు ఎట్లు చెప్పగలము? చివరకు చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఆ ఆదివారము తన కుమారుని తోటకు కాపు పంపెను. కావలివాడు ఉతికిన పంచె కట్టుకొని గుడిలో వెనుక చాపమీద కూర్చుండెను.

ప్రియులారా, మనలో తోట యిండ్లు గలవారు బహు కొద్దిమంది. వేపచెట్టు నీడయైనను చాలును. ఈ వేసవిలో మీరు ఒక పూట విశ్రమించుడి. ఆ పూట చేతులకు ఇష్టమైన చిన్న పని నొకటి ఆరంభించుడి. మీ పొలములో, మీ యింటిలో మీ కొరకు పాటుపడువారికిని ఒక పూట విడిచిపెట్టుడి. వారి చేతులలో ఏ పాట, ఏ పని దాగియున్నదో మనమెరుగము.