థామసు గ్రేహాము

పిండిని జల్లించుటకు జల్లెడయు, కషాయమును వడగట్టుటకు వస్త్రమును ప్రతి గృహమునందును గలవు. కాని రెండు వాయువులు కలిసిపోయిన పిదప వానిని వేరుపరచుటకు సాధనమెయ్యది? కంటికి కానరాని వస్తువులను వడగట్టు పొరలను గూర్చి ఇంచుమించు నలువది సంవత్సరములు పరిశోధించిన థామసు గ్రేహాముగారి చరిత్రము మన పాఠశాలలోని బాలబాలికలు తెలిసికొనదగినది.

ఈయన 1805వ సంవత్సరము డిసెంబరు మాసమున స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వస్త్రవ్యాపారమున సంపన్నుడైనవాడు. తన కుమారుడు స్కాట్లండు సంఘమున బోధకుడు కావలెనని ఆతని సంకల్పము. ఆ యుద్దేశముతోనే 1819లో బాలుని గ్లాస్గో విశ్వవిద్యాలయమునకు పంపెను. అచ్చట థామ్సను అను ఆచార్యుని రసాయనశాస్త్రోపన్యాసములు వినగానే బాలుని మనస్సు ఆ శాస్త్రమునందే లగ్నమయ్యెను. తండ్రి యెంత చెప్పినను కుమారుడు మరలలేదు. తండ్రి కోపించి ధనసహాయము నిలిపివేసెను. తండ్రి కోరినది చెడ్డపని కాదు. కుమారుడు ధిక్కరించినది దుర్బుద్ధితో కాదు. ఇట్టి కలహములలో తీర్పు చెప్పుట కష్టము.

గ్రేహాము ఎడింబరో నగరమునకు పోయి చదువు సాగించెను. తల్లియు సోదరియు తమకు చేతనైనంత సహాయము చేయుచుండిరి. ఆతడు పిల్లలకు పాఠములు చెప్పియు, వ్యాసములు వ్రాసియు పొట్ట పోసికొనెను. వ్రాతవలన మొట్టమొదట చేతికి వచ్చిన సొమ్ముతో తల్లికిని సోదరికిని బహుమానములు కొనెనట! 1830లో గ్లాస్గోలోని ఆండర్సను విద్యాలయమున ఆచార్యపదవి లభించెను. అప్పటికి తల్లి మరణశయ్యపై నుండెను. ఆ శుభవార్త విను నంతవరకు ఆమె ప్రాణము నిలిచెను.

ఉపన్యాసమునందు గ్రేహాము వాగ్ధాటి గలవాడు కాడు, తడబడుచు మాటలాడెడివాడు. అయినను ఆతని తరగతిలో కూర్చున్నవారిలో ఆఫ్రికా ఖండమునకు మిషనెరీగా వెడలిన డేవిడు లివింగుస్టను ఒకడు.

ఇక ఆతని పరిశోధనలను గూర్చి చెప్పెదను. ఒక గాజుగొట్టము యొక్క పై కొనను పారిసు ప్లాస్టరు బిళ్లతో మూసి, లోపల ఉదజని వాయువును నింపి, క్రింది కొనను నీటిలో నిలిపెను. చూచుచుండగనే నీరు గొట్టములోనికి ఎగబ్రాకసాగెను. ఏలయన ఉదజని ప్లాస్టరులోని సూక్ష్మరంధ్రములగుండ వెలికి పోవునంత వేగముగ బయటి గాలి లోనికి రాలేదు. ఒక పాలు గాలి ప్రవేశించులోపల 3.8 పాళ్ల ఉదజని బయలువెడలెను. అనేక వాయువులను ఇట్లు పరీక్షించి, వాయువు వ్యాపించు వేగము దాని సాంద్రత యొక్క వర్గమూలమునకు విలోమానుపాతమున నుండునని 1831లో ప్రకటించెను. ప్రాణవాయువు ఉదజనికంటె 16 రెట్లు బరువైనది. గావున ఉదజని దానికంటె 4 రెట్లు వేగముగ పోవును. పై తరగతుల విద్యార్థులు దీనిని గ్రేహాము సూత్రమను పేర నేర్చుకొనుచునే యున్నారు.

1837లో ఈయన లండను యూనివర్సిటీ కాలేజీకి ఆచార్యుడై పోయెను. 1855లో, పూర్వము న్యూటను మహాశయుడు నిర్వహించిన టంకశాలాధిపత్యము ఈయనకు దక్కెను. నాణెముల లెక్కలలో కొన్ని సంవత్సరములు పరిశోధనకు తీరికయే చిక్కలేదు. పిమ్మట మరల పొరలవైపు తిరిగెను. ద్రవములలో కరగియున్న వస్తువులను పొరతో వేరుచేయు పద్ధతికి 1861లో డయాలిసిస్ అని పేరు పెట్టినది ఈయనయే. నేడు మూత్రపిండములు చెడినవారికి జరుగు చికిత్స ఆ పేరుతోనే పిలువబడుచున్నది.

1866లో ప్రకటించిన రబ్బరు పొర ప్రయోగము చిత్రమైనది. పొరకు ఒక ప్రక్క గాలియు రెండవ ప్రక్క శూన్యమును ఉంచగా, ఆవలికి వచ్చిన వాయువులో నూటికి 41 పాళ్లు ప్రాణవాయువుండెను! మామూలు గాలిలో నుండునది 21 పాళ్లే. ఆరిపోవుచున్న పుల్లను అందుంచగా భగ్గున మండెను. రబ్బరులో రంధ్రములు లేవు; వాయువు ఒక ముఖమున రబ్బరులో కరగి, రెండవ ముఖమున వెలువడుచున్నదని గ్రేహాము ఊహించెను. ఆ ఊహ సరియైనదే.

అటుపిమ్మట లోహములను పట్టెను. ఎఱ్ఱగా కాలిన ప్లాటినముగుండ ఉదజని దూరిపోవునని ఫ్రాన్సు దేశమున డెవిల్లు, ట్రూస్టు అను ఇరువురు 1863లో కనిపెట్టియుండిరి. గ్రేహాము పల్లాడియము అను లోహపు గొట్టమును తీసికొనెను. చల్లగా నున్నపుడు దానిగుండ ఏమియు పోలేదు. ఇంచుమించు 240 సెంటీగ్రేడు డిగ్రీలవరకు వేడిచేయగా ఉదజని దూరసాగెను. వీధిదీపములకు వాడు బొగ్గువాయువును ఆ గొట్టము చుట్టును పంపగా, నానావిధ వాయువుల మిశ్రమమునుండి ఉదజని మాత్రమే, వాసన యైనను లేక, లోనికి వచ్చెను. పల్లాడియపు రేకు తన పరిమాణమునకు 600 రెట్లకు మించిన ఉదజనిని తనలో ఇముడ్చుకొనుటయు చూచెను. అందువలన ఉదజని కూడ ఒక లోహమే యని తలచి, దానికి హైడ్రోజీనియము అను పేరిడెను. ఈ తలంపు నిలువలేదు. ఉదజని అణువు లోహముమీద రెండు పరమాణువులుగ విడిపోయి, లోహములో నడచి, ఆవలి ముఖమున మరల జతగూడునని తరువాతివారు తెలిసికొనిరి. అట్లు విడిపోజాలని ఇతర వాయువులు వెలుపలనే నిలిచిపోవును.

ఈ లోహము మిక్కిలి విలువైనది. మందమెక్కువైనకొలది వాయువు దూరుట మందగించును. గావున మన కాలమున సూక్ష్మరంధ్రములుగల పింగాణి లేక ఉక్కు గొట్టమును పల్లాడియపు లవణద్రావణములో ముంచి, మిల్లీమీటరులో వేయింట కొన్ని వంతులు మాత్రమే మందముగల పూతను పట్టించుచున్నారు. పూతలో సూదిమొనంత రంధ్రమున్నను అన్ని వాయువులును దూరి శ్రమ వ్యర్థమగును. మరియొక చిక్కు గలదు. ఉదజనిని త్రాగిన పల్లాడియపు తీగ సాగుననియు, విడిచినపుడు మునుపటికంటె కురుచయగుననియు గ్రేహామే కొలిచి చూపెను. ఇట్లు ఉబ్బుచు కుంచించుకొనుచు నుండుటచేత పలుచని పూత బీటలు వారును. నూటికి 23 పాళ్ల వెండిని కలిపినచో ఆ బెడద చాలవరకు తగ్గును.

గ్రేహాము వివాహము చేసికొనలేదు. 1869లో, ఉదజనితో నిండిన పల్లాడియముతో చిన్న పతకములను టంకశాలలో అచ్చువేయించి మిత్రులకు పంచిపెట్టెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు మాసమున లండనులో మరణించెను. దేహమును గ్లాస్గోకు తెచ్చి అచ్చటి కతీడ్రలులో సమాధి చేసిరి. ఆ నగరమందలి జార్జి స్క్వేరులో ఈయన కంచువిగ్రహమును నిలుపుటకు ద్రవ్యమిచ్చినవాడు, ఒకప్పుడు ఈయన తరగతిలో సహాయకుడుగ నుండిన జేమ్సు యంగు.