చదివింది చేసి చూసిన మనిషి – బెంజమిన్ ఫ్రాంక్లిన్

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని సంపాదక మిత్రులు అడిగారు. గాంధీగారి గురించి, కందుకూరి వీరేశలింగం గారి గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుకని నేను కాస్త దూరం వెళ్ళి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను ఎంచుకున్నాను. గాలిపటం ఎగరేసి మెరుపులో ఉన్నది విద్యుత్తేనని చూపిన శాస్త్రవేత్తగా ఆయన మనలో చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఆయన పుస్తకాలు చదివిన తీరు గురించి, చదివిన దాన్ని బతుకులోకి తెచ్చుకున్న తీరు గురించి.

దీనికి కారణం ఉంది. ఇవాళ వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు తెలుగులో కొదవ లేదు. యండమూరి గారి ‘విజయానికి ఐదు మెట్లు’ మొదలుకొని ఇంగ్లీషు నుంచి వచ్చిన అనువాదాల దాకా ఏ పుస్తకాల షాపులో చూసినా ఒక అర నిండా అవే కనిపిస్తాయి. మనం చదువుతున్నాం, పిల్లలకూ కొనిస్తున్నాం. చదువుతున్నంతసేపూ సగం పని అయిపోయినట్టే ఉంటుంది. పుస్తకం మూసిన మర్నాడు మాత్రం లేచేది పాత టైముకే, చేసేది పాత పద్ధతిలోనే. ఎంతవరకు చదవాలి, ఎక్కడ ఆపి పనిలోకి దిగాలి అన్న ప్రశ్నకు ఫ్రాంక్లిన్ జీవితంలో మంచి జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

రెండేళ్ళ బడి

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. తండ్రి జొసయా కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసి అమ్మేవారు. ఇంట్లో పదిహేడుమంది సంతానం. మగపిల్లల్లో ఈయనే ఆఖరివారు. ఎనిమిదో ఏట బడిలో వేశారు, పదో ఏట మాన్పించి పనిలో పెట్టారు. మొత్తం చదువు రెండేళ్ళే. అందులోనూ లెక్కల్లో తప్పారు. పన్నెండో ఏట అన్నగారు జేమ్స్ అచ్చాఫీసులో పని నేర్చుకోవడానికి ఒప్పందం మీద చేరారు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా ఆ ఒప్పందం.

అచ్చాఫీసు ఆయనకు రెండో బడి అయింది. పుస్తకాల షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళను మంచి చేసుకుని సాయంత్రం పుస్తకం అడిగి తెచ్చుకునేవారు. రాత్రంతా చదివి, షాపు తీసేలోగా మరక పడకుండా తిరిగి ఇచ్చేసేవారు. పదహారేళ్ళప్పుడు థామస్ ట్రయాన్ అనే ఆయన రాసిన శాకాహారం పుస్తకం చేతికొచ్చింది. చదివి ఊరుకోలేదు. అందులో చెప్పిన వంటలు కొన్ని నేర్చుకుని, తన భోజనానికి అయ్యే ఖర్చులో సగం తన చేతికిస్తే తన తిండి తానే చూసుకుంటానని అన్నగారితో బేరం పెట్టుకున్నారు. ఆ సగంలోనూ సగం మిగిలేది. దానితో మళ్ళీ పుస్తకాలు కొన్నారు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు అచ్చాఫీసులోనే రొట్టెముక్క, కాసిని ఎండుద్రాక్ష, మంచినీళ్ళు తీసుకుని మిగిలిన సమయంలో చదువుకున్నారు. ఒక పుస్తకం ఆచరణలోకి వచ్చి ఇంకో నాలుగు పుస్తకాలకు డబ్బూ సమయమూ సంపాదించి పెట్టిందన్నమాట. బడిలో తప్పిన లెక్కలను కూడా ఆ రోజుల్లోనే ఒక పుస్తకం ముందు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా సొంతంగా చేసి నేర్చుకున్నారు.

రాయడం నేర్చుకున్న పద్ధతి ఇంకా ముచ్చటైనది. లండన్‌లో వెలువడిన ‘స్పెక్టేటర్’ పత్రిక సంపుటి ఒకటి దొరికింది. ఆ వ్యాసాలు బాగున్నాయని మెచ్చుకుని పక్కన పెట్టలేదు. ఒక్కో వాక్యంలోని భావాన్ని రెండు మూడు మాటల్లో గుర్తుగా రాసుకుని, కొద్దిరోజులు వదిలేసి, తర్వాత ఆ గుర్తులను బట్టి వ్యాసం మొత్తం తన మాటల్లో రాసేవారు. దాన్ని అసలుతో పోల్చి తప్పులు దిద్దుకునేవారు. ఒక్కోసారి ఆ కాగితాలను కావాలనే కలగాపులగం చేసి, కొన్ని వారాల తర్వాత మళ్ళీ వరసలో పేర్చేవారు. విషయాన్ని ఒక క్రమంలో చెప్పడం అలా అలవడింది. ఫలితం 1722లోనే కనబడింది. తన పేరు చెబితే అన్నగారు వేయరని, ఒక వితంతువు రాసినట్టుగా పద్నాలుగు ఉత్తరాలు మారుపేరుతో రాసి రాత్రిపూట అచ్చాఫీసు తలుపుకింద నుంచి తోశారు. అన్నీ అచ్చయ్యాయి. రాసింది పదహారేళ్ళ తమ్ముడని అన్నగారికి తట్టనే లేదు.

మరుసటి సంవత్సరం అన్నగారితో పడక ఫిలడెల్ఫియా పారిపోయారు. తర్వాత లండన్‌లో రెండేళ్ళు అచ్చుపని చేశారు. అక్కడా ఇదే ధోరణి. ఈత గురించి తెవనో అనే ఫ్రెంచి రచయిత రాసిన పుస్తకంలోని భంగిమలన్నీ నీళ్ళలో దిగి సాధన చేసిన మనిషి కాబట్టి, థేమ్స్ నదిలో చెల్సీ దగ్గర నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దాకా ఈదుకుంటూ వెళ్ళి పడవలోని మిత్రులను ఆశ్చర్యపరిచారు. ఈత పుస్తకం ఒడ్డున కూర్చుని ఎన్నిసార్లు చదివినా అంత దూరం ఈదగలమా?

చదివినది తప్పుదారి పట్టిన సందర్భం కూడా ఉంది. సోక్రటీసు ప్రశ్నలు వేసి వాదించే తీరు చదివి కుర్రతనంలో దాన్ని పట్టుకున్నారు. ఎదుటివారిని చిక్కుల్లో పెట్టి గెలవడం సరదా అయింది. కొన్నేళ్ళకు ఆ గెలుపు వల్ల ఒరిగేదేమీ లేదని గ్రహించి మెల్లగా మానుకున్నారు. తన అభిప్రాయం వినయంగా చెప్పే అలవాటు ఒక్కటీ అందులోంచి ఉంచుకున్నారు. చేసి చూశారు కాబట్టే ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలిసింది.

పదమూడు గుణాల పుస్తకం

1728లో సొంత అచ్చాఫీసు, ఆ మరుసటి ఏడు ‘పెన్సిల్వేనియా గెజిట్’ పత్రిక చేతికొచ్చాయి. ఆ తర్వాత కొద్దికాలానికి ఏ లోపమూ లేని మనిషిగా మారాలన్న సంకల్పం కలిగింది. తాను చదివిన పుస్తకాల్లోని సుగుణాల జాబితాలన్నీ వడపోసి పన్నెండు గుణాలు ఎంచుకున్నారు. నీకు గర్వం ఎక్కువని ఒక మిత్రుడు చెప్పడంతో వినయాన్ని కూడా చేర్చారు. అలా పదమూడు అయ్యాయి: తిండి తాగుడులో మితం, మితభాషణం, క్రమం, పట్టుదల, పొదుపు, శ్రమ, నిజాయితీ, న్యాయం, అతికి పోకపోవడం, శుభ్రత, ప్రశాంతత, శీలం, వినయం.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకపోవడంలోనే ఆయన తెలివి ఉంది. చిన్న నోటుపుస్తకంలో గుణానికి ఒక పేజీ చొప్పున కేటాయించి, వారానికి ఏడు నిలువు గళ్ళు, పదమూడు అడ్డ వరసలు గీశారు. రాత్రిపూట ఆ రోజు జరిగిన తప్పులకు నల్లచుక్క పెట్టేవారు. ఒక వారం ఒక్క గుణం మీదే దృష్టి. మిగతావాటికి చుక్కలు మామూలుగా పడుతూనే ఉంటాయి. తోటలో కలుపు తీసేవాడు ఒక మడి పూర్తిచేసి పక్క మడిలోకి వెళ్ళినట్టు అనుకోండి. పదమూడు వారాలకు ఒక ఆవృతి, ఏడాదికి నాలుగు. తప్పులు తాను ఊహించినదానికంటే ఎక్కువ ఉన్నాయని మొదటి వారాల్లోనే తెలిసింది. పాత చుక్కలు చెరిపి మళ్ళీ వాడుకోవడంతో కాగితాలు చిల్లులు పడ్డాయి. చివరికి తడిగుడ్డతో తుడిస్తే పోయేలా దంతపు రేకుల మీద గళ్ళు గీసుకున్నారు.

ఇంత చేసీ క్రమం అన్న గుణం ఆయనకు అబ్బలేదు. ఎక్కడి వస్తువు అక్కడ పెట్టడం, ఏ పని వేళకు ఆ పని చేయడం జీవితాంతం చేతకాలేదని ఆత్మకథలో రాసుకున్నారు. గొడ్డలి మొత్తం అద్దంలా మెరవాలని కోరి, సానరాయి తిప్పి తిప్పి అలిసిపోయి, మచ్చలుంటేనే బాగుందని ఇంటికి తీసుకెళ్ళిన ఒక మనిషితో తనను పోల్చుకుని నవ్వుకున్నారు. వినయం సంగతీ అంతే. పైకి కనిపించే వినయం వచ్చింది గానీ లోపలి గర్వం చావలేదని ఒప్పుకున్నారు. అయినా ఆ ప్రయత్నం చేయకపోతే ఉండేదానికంటే మెరుగైన, సంతోషమైన మనిషిని అయ్యానని డెబ్బై తొమ్మిదో ఏట లెక్క తేల్చుకున్నారు. ఈ పద్ధతిని వివరిస్తూ ఒక పెద్ద పుస్తకం రాయాలని చాలాకాలం అనుకున్నారు. పనుల ఒత్తిడిలో అది రాయనే లేదు. స్వయం వికాసం గురించి ఆయన అనుకున్న ఆ పుస్తకం రాయబడకపోయినా, ఆయన పెట్టుకున్న చుక్కల పుస్తకం మాత్రం ఆయనతోపాటు ఊళ్ళు తిరిగింది.

పదిమందితో కలిసి

ఒంటరిగా చదివితే ఉత్సాహం చల్లారుతుందని ఆయనకు తెలుసు. 1727లోనే ‘జుంటో’ అనే మిత్రబృందం ఏర్పాటు చేశారు. సభ్యులు మొదట పన్నెండుమంది. శుక్రవారం సాయంత్రం కలిసేవారు. మూడు నెలలకు ఒకసారి ఒక్కొక్కరు ఒక వ్యాసం చదవాలి. మూర్ఖంగా వాదిస్తే చిన్న జరిమానా. ఈమధ్య ఏం చదివావు, అందులో పనికొచ్చేది ఏముంది అన్నది అక్కడ ఎప్పుడూ అడిగే ప్రశ్నల్లో ఒకటి.

ఆ చర్చలు గదిలో ఆగిపోలేదు. 1731లో యాభైమంది చందాదారులు తలా నలభై షిల్లింగులు వేసుకుని గ్రంథాలయం పెట్టారు. ఊళ్ళో అగ్నిప్రమాదాల గురించి ఫ్రాంక్లిన్ ఒక వ్యాసం చదివితే 1736లో తోలు బక్కెట్లతో మంటలార్పే సంఘం పుట్టింది. విద్యుత్తు పరిశోధన మొదలైనది కూడా లండన్ మిత్రుడు ఆ గ్రంథాలయానికి పంపిన ఒక గాజుగొట్టంతోనే. నలభై రెండో ఏట వ్యాపారం నుంచి తప్పుకుని ఆ పనిలో మునిగారు. 1752లో గాలిపటం ప్రయోగం. పిడుగుల నుంచి ఇళ్ళను కాపాడే ఇనుప కడ్డీ ఆ పరిశోధనల ఫలం. 1776 స్వాతంత్ర్య ప్రకటన మీదా, 1787 రాజ్యాంగం మీదా ఆయన సంతకం ఉండటం అందరికీ తెలిసినదే కాబట్టి ఇక్కడ విస్తరించను.

నీతులు చెప్పే రచయితగా ఆయన గొప్ప పేరు పొందారు. పేద రిచర్డ్ పేరుతో 1732 నుంచి పాతికేళ్ళు వేసిన పంచాంగం ఏటా పదివేల ప్రతుల దాకా అమ్ముడుపోయేది. అందులోని పొదుపు మాటలన్నీ గుదిగుచ్చి 1758 పంచాంగంలో ఒక కథ అల్లారు. వేలంపాట దగ్గర గుమిగూడిన జనానికి ఒక ముసలాయన పొదుపు గురించి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అందరూ విని బాగుందంటారు. వేలం మొదలవగానే ఎగబడి కొంటారు. విన్నవాళ్ళలో ఒక్క రిచర్డ్ మాత్రం కొత్త కోటుకు గుడ్డ కొనకుండా పాత కోటుతోనే ఇంటికి వెళ్తాడు. నీతి పుస్తకాలు అమ్మి బాగుపడిన మనిషే, వాటిని జనం ఎలా చదువుతారో అంత నిక్కచ్చిగా చెప్పడం నాకు చాలా ఇష్టం.

తెలిసీ చేయలేకపోయినవి

ఆయనను దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. మశూచికి టీకా మంచిదని ఆయనకు బాగా తెలుసు. కానీ నాలుగేళ్ళ కొడుకు ఫ్రాన్సిస్‌కు విరేచనాల జబ్బు చేసింది. పిల్లవాడు తేరుకున్నాక వేయిద్దామని ఆగారు. ఆ లోపలే 1736లో మశూచి సోకి బాబు చనిపోయాడు. ఆ దుఃఖం ఆయనను చివరిదాకా వదల్లేదు. ఇతర తల్లిదండ్రులకు హెచ్చరికగా ఉంటుందని ఆత్మకథలో దాన్ని రాసిపెట్టారు. తెలిసిన మంచిని రేపటికి వాయిదా వేయడం ఎంత ఖరీదైనదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

న్యాయం అన్న గుణాన్ని జాబితాలో రాసుకున్న ఆయన ఇంట్లోనే బానిసలు ఉండేవారు. ఆయన పత్రికలో బానిసల అమ్మకం ప్రకటనలు వచ్చేవి. రాత్రిపూట పెట్టే ఆ చుక్కల్లో ఈ తప్పు చాలా ఏళ్ళు లెక్కకే రాలేదు. ముసలితనంలో కళ్ళు తెరిచారు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘానికి అధ్యక్షులయ్యారు. 1790 ఫిబ్రవరిలో ఆ సంఘం తరఫున బానిసత్వానికి వ్యతిరేకంగా అమెరికా కాంగ్రెసుకు వినతిపత్రం పంపారు. ఏప్రిల్ 17న కన్నుమూశారు. మన జాబితా మనమే రాసుకున్నప్పుడు, మనకు కనబడని తప్పులు అందులో చేరవు. మిత్రుడు చెప్పబట్టే వినయం చేరిందని గుర్తుపెట్టుకోవాలి.

మనకు పనికొచ్చేవి

ఫ్రాంక్లిన్ జీవితం నుంచి నేను గ్రహించినవి ఇవి. చదివినదాంట్లో ఒక్కటి తీసుకుని వెంటనే మొదలుపెట్టాలి. అది చేస్తున్నామో లేదో కాగితం మీద లెక్క ఉండాలి. పనికిరానిది తేలితే వదిలేయాలి. నాలుగు రోజులకు ఒకసారైనా అడిగే మిత్రులు ఉండాలి. చదవడం ఆపమని ఆయన ఎక్కడా అనలేదు. రోజుకు గంటో రెండు గంటలో చదువుకే కేటాయించారు. మిగిలిన రోజంతా ఆ చదువును పనిలో పెట్టారు.

చివరగా మనలాంటి పూర్వ విద్యార్థులకు ముఖ్యమైన సంగతి ఒకటి. తనకు అక్షరాలు నేర్పిన బోస్టన్ ఉచిత పాఠశాలలను ఆయన మర్చిపోలేదు. అక్కడి పిల్లలకు వెండి పతకాలివ్వడానికి వీలునామాలో వంద పౌన్లు రాశారు. రెండేళ్ళ చదువుకు ఆయన తీర్చుకున్న రుణం అది. మనం మన బడిలో చదువుకున్నది అంతకంటే చాలా ఎక్కువ.

మన సంఘం ఏటా బడి గ్రంథాలయానికి పుస్తకాలు ఇవ్వడం మంచిదే. దానితోపాటు శుక్రవారం సాయంత్రం ఒక గంట, పదిమంది పిల్లలూ మనలో ఒకరూ కూర్చుని, ఈ వారం చదివినదాంట్లో ఏం చేసి చూశామో చెప్పుకునే ఏర్పాటు కూడా చేస్తే బాగుంటుందని నా మనవి. దానికి పెద్ద ఖర్చు ఉండదు. ఒక గది, పదమూడు వరసలు గీసిన ఒక నోటుపుస్తకం చాలు.