ఊరంతా బూడిదైనా కౌంటర్ తెరిచారు.. బ్యాంక్ ఆఫ్ అమెరికా వెనుక ఓ కూరగాయల వ్యాపారి కథ!

మార్కెట్ కుప్పకూలిన రోజు కస్టమర్‌కు ఫోన్ చేయాలంటే చాలామంది ఇన్సూరెన్స్ ఏజెంట్లు, మ్యూచువల్ ఫండ్ వాళ్లు జంకుతారు. అవతలి వాళ్లు ఏమంటారో అని భయం. మరి ఊరికి ఊరే తగలబడిపోతుంటే? 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ బ్యాంకర్‌కు ఎదురైన పరిస్థితి అదే. ఆయనే అమాడియో పీటర్ జియానిని. హైదరాబాద్‌లోనూ ఆఫీసులున్న బ్యాంక్ ఆఫ్ అమెరికాకు మూలపురుషుడు.

ఆయనది ఇటలీ నుంచి వలస వెళ్లిన కుటుంబం. 1870లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి హత్యకు గురయ్యారు. ఒక్క డాలర్ దగ్గర మొదలైన గొడవే ప్రాణం తీసిందని చెబుతారు. సవతి తండ్రిది కూరగాయలు, పండ్ల కమీషన్ వ్యాపారం. కుర్రాడు బడి మానేసి అందులో దిగాడు. రైతుల ఇళ్లకు వెళ్లి సరుకు మాట్లాడటం, బేరం కుదర్చడం.. ఆయన నేర్చుకున్న సేల్స్ పాఠాలన్నీ అక్కడివే. 31 ఏళ్లకే సంపాదించింది చాలనుకుని వ్యాపారం నుంచి తప్పుకున్నారు.

కానీ ఊరికే కూర్చోలేకపోయారు. చిన్నవాళ్లకు అప్పులిచ్చే బ్యాంకు కావాలంటూ 1904 అక్టోబర్‌లో బ్యాంక్ ఆఫ్ ఇటలీ పెట్టారు. అంతకుముందు సారా దుకాణంగా ఉన్న బిల్డింగ్‌లో! డిపాజిట్ల కోసం గడప గడపకూ తిరిగారు. బ్యాంకరై ఉండి డబ్బు వేయమని అడగడం ఆ రోజుల్లో పరువు తక్కువ పని. తోటి బ్యాంకర్లు ముక్కు విరిచారు. ఆయన పట్టించుకోలేదు.

1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున భూకంపం. రైళ్లు ఆగిపోయాయి. శాన్ మేటియోలోని ఇంటి నుంచి చాలా దూరం నడిచి బ్యాంకు చేరేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే మంటలు దగ్గరికొస్తున్నాయి. సుమారు 80 వేల డాలర్ల బంగారం, నగదును రెండు బండ్ల మీదకు ఎక్కించి, దొంగల కంట పడకుండా పైన నారింజ పెట్టెలు పేర్చారు. రాత్రికి రాత్రి ఇంటికి చేర్చారు. ఆ నోట్లు చాలా రోజులు నారింజ వాసన కొట్టాయట!

బ్యాంకు బిల్డింగ్ కాలిపోయింది. మిగతా బ్యాంకుల ఖజానాలు నిప్పు కణికల్లా కాగుతున్నాయి. వెంటనే తెరిస్తే లోపలి నోట్లు అంటుకునే ప్రమాదం. కొన్ని నెలలు మూసేద్దామన్నది మిగతా బ్యాంకర్ల మాట. జియానిని మాత్రం రేవు దగ్గర రెండు పీపాల మీద ఓ చెక్క వేసి కౌంటర్ తెరిచేశారు. ఇల్లు కట్టుకునేవాళ్లకు, దుకాణం లేపుకునేవాళ్లకు అప్పులిచ్చారు. కాగితాలన్నీ కాలిపోయాయి కాబట్టి మనిషిని చూసి, మాట నమ్మి ఇవ్వడమే. అడిగినదాంట్లో సగమే ఇచ్చేవారని, మిగతా సగం వాళ్లు దాచుకున్న సొమ్ము నుంచి బయటకు వస్తుందని ఆయన లెక్క అని చెబుతారు. పరుపుల కింది బంగారం కూడా డిపాజిట్లుగా వచ్చింది. ఇది దానం కాదు, పక్కా వ్యాపారం.

మరుసటి ఏడాదే అమెరికాలో బ్యాంకుల సంక్షోభం. జనం డబ్బు కోసం క్యూ కట్టారు. ముందే పసిగట్టి బంగారం కూడబెట్టిన జియానిని, దాన్ని కౌంటర్లలో అందరికీ కనిపించేలా పేర్చారు. ఉందని కళ్లారా చూస్తే ఎవరు అడుగుతారు?

అసలు దెబ్బ మహా మాంద్యంలో తగిలింది. పగ్గాలు అప్పగించిన వాళ్లే ఆయన కట్టిన సంస్థను ముక్కలు చేసి అమ్మేందుకు సిద్ధమయ్యారు. అప్పటికి ఆయనకు 60 దాటాయి. 1904లో చేసిన పనే మళ్లీ చేశారు. కాలిఫోర్నియాలో ఊరూరా తిరిగి, చిన్న షేర్‌హోల్డర్లను కలిసి, వాళ్ల ఓట్లు అడిగారు. షేర్ ధర పడిపోయి కడుపు మండుతున్న జనం వాళ్లు! అయినా 1932 ఫిబ్రవరిలో ఘనంగా గెలిచారు. అదే ఏడాది, కొనే నాథుడు లేక ఆగిన గోల్డెన్ గేట్ బ్రిడ్జి బాండ్లు తన బ్యాంకు కొంటుందని మాట ఇచ్చారు.

1949 జూన్ 3న జియానిని కన్నుమూశారు. అప్పటికి ఆయన బ్యాంకు ప్రపంచంలోనే అతి పెద్దది. ఆయన సొంత ఆస్తి మాత్రం 5 లక్షల డాలర్లు కూడా లేదు.