మూసీ మిగిల్చిన కవి

వికారాబాదు చేరువలోని అనంతగిరి కొండలు రెండు నదులకు పుట్టినిల్లు. కాగ్నా పడమటి దిక్కుగా తాండూరు మీదుగా సాగి భీమలో కలుస్తుంది. మూసీ తూర్పుగా ప్రవహించి హైదరాబాదు నగరాన్ని చేరుతుంది. సాధారణంగా శాంతంగా సాగే ఆ మూసీ 1908 సెప్టెంబరు 28న ఉగ్రరూపం దాల్చి వేలాది ప్రాణాలను హరించింది. ఆ ప్రళయంలో సర్వస్వాన్ని కోల్పోయిన వారిలో ప్రసిద్ధ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఒకరు.

అంజద్ అసలు పేరు సయ్యద్ అహ్మద్ హుస్సేన్. పసితనంలోనే తండ్రి మరణించగా తల్లియే తండ్రి కూడా అయి ఆయనను పెంచి పెద్దచేసింది. జామియా నిజామియాలో ఆయన విద్యనభ్యసించారు. భార్య, కుమార్తెలతో ఆ ఇల్లు నిండుగా ఉన్న కాలంలోనే వరద వచ్చింది. తల్లి, భార్య, కుమార్తె ముగ్గురూ నీటిపాలయ్యారు. ఆ కుటుంబంలో అంజద్ ఒక్కరే మిగిలారు.

తనవారిని స్మరిస్తూ ఆయన ఆ దుఃఖాన్ని కవితగా మలిచారు. ఆపై రుబాయీల రచనలో అగ్రగణ్యులై, తాత్త్విక కవిగా కీర్తి గడించి, 1961లో కన్నుమూశారు.

వరద ముప్పును నివారించేందుకు ప్రభుత్వం 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, 1927లో హిమాయత్‌సాగర్‌ను నిర్మించింది. నదికి ఆనకట్ట కట్టగలిగారు గాని, అంజద్ ఇంటి దీపాలను మరల వెలిగించగలవారు లేరు. పెంచిన తల్లి ఋణాన్ని ఆయన అక్షరాలతోనే తీర్చుకోవలసి వచ్చింది. కష్టకాలంలో మన ఇంట మనవారు మన చెంతనే ఉన్నారంటే, అంతకు మించిన భాగ్యం లేదు. ఆ కృతజ్ఞతను వారు వినగలిగినప్పుడే తెలుపుకోవాలి.