నాలుగు భాషల ఊళ్లో నాటకం వేసిన మనిషి

సింగపూర్ సైట్ల మీద పనిచేసే మనవాళ్లకి ఆ బోర్డు తెలిసిందే. గేటు దగ్గర ఎర్రక్షరాలతో అపాయం అన్న మాట నాలుగు భాషల్లో ఉంటుంది. ఇంగ్లీషు, చైనీసు, మలయ్, తమిళం. అందులో తెలుగు ఉండదు. అయినా మనం నెట్టుకొస్తున్నాం. చైనా మేస్త్రీతో చేతి సైగలు, బంగ్లాదేశ్ తమ్ముళ్లతో వచ్చీరాని హిందీ, తమిళ అన్నలతో సగం తమిళం, ఇంజినీరుతో సింగపూర్ ఇంగ్లీషు. సరిగ్గా ఇలాంటి బతుకునే స్టేజీ ఎక్కించిన పెద్దమనిషి ఒకరు ఈ ఊళ్లోనే ఉండేవారు. ఆయన పేరు కువో పావ్ కున్.

ఆయన గురించి మాకు తెలిసింది అనుకోకుండానే. కొన్నేళ్ల కిందట ఓ ఆదివారం ఆర్మేనియన్ స్ట్రీట్ మీదుగా పోతుంటే 'సబ్‌స్టేషన్' అని కనిపించింది. లోపల ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయనుకున్నాం. తీరా చూస్తే నాటకాల పోస్టర్లు, బొమ్మలు! పాడుబడిన కరెంటు సబ్‌స్టేషన్‌ని 1990లో కళాకారుల ఇల్లుగా మార్చింది ఆయనేనని అప్పుడు విన్నాం. ఆ సంస్థ 2021లో ఆ భవనం ఖాళీ చేసింది గానీ, పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆయనా వలస వచ్చినవారే

కువో 1939లో చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో పుట్టారు. 1949లో, పదేళ్ల వయసులో, సింగపూర్ చేరారు. కొన్నాళ్లు చైనీసు బడి, కొన్నాళ్లు ఇంగ్లీషు బడి. అలా రెండు భాషలూ ఒంటబట్టాయి. కుర్రతనంలోనే రీడిఫ్యూజన్ రేడియోలో చైనీసు నాటకాలకు గొంతునిచ్చారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి అక్కడి రేడియోలో ఉద్యోగం చేశారు, సిడ్నీలోని జాతీయ నాటక విద్యాలయంలో చదువుకున్నారు.

1965లో తిరిగొచ్చి, భార్య గో లే క్వాన్‌తో కలిసి నాటకం, నాట్యం నేర్పే బడి పెట్టారు. ఆమె పేరున్న నర్తకి. సింగపూర్ స్వతంత్ర దేశమైంది కూడా ఆ ఏడాదే. మన బళ్లారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టి మెప్పించినట్టే, ఈయన చైనీసులోనూ ఇంగ్లీషులోనూ నాటకాలు రాసి ఆడించారు.

ఆ రోజుల్లో ఆయన నాటకాల్లో కూలీల కష్టాలే ఎక్కువ. శిష్యులు రైతులు, జాలర్లు, కూలీల దగ్గరికి పోయి, వాళ్లతో పనిచేసి వచ్చి ఆ అనుభవంతో నాటకాలు కట్టేవారు. సర్కారుకి ఇది నచ్చలేదు. 1976లో అంతర్గత భద్రతా చట్టం కింద ఆయన్ని పట్టుకెళ్లారు. విచారణ లేకుండా నాలుగేళ్ల ఏడు నెలలు నిర్బంధంలో ఉంచారు. 1977లో పౌరసత్వం కూడా తీసేశారు. వర్క్ పర్మిట్ కార్డు ఒక్కరోజు కనపడకపోతేనే మన గుండె జారిపోతుంది. ఆయన పదిహేనేళ్లు ఏ దేశానికీ చెందని మనిషిగా బతికారు.

గుంత చిన్నది, పెట్టె పెద్దది

1980లో బయటికొచ్చాక ఆయన మూలన కూర్చోలేదు. కసితో తిట్టిపోయనూ లేదు. 1985లో ఒంటరి నటుడితో ఓ నాటకం ఆడించారు. 'గుంతకు సరిపోని శవపేటిక' అనొచ్చు దాని పేరు. తాత చనిపోతే ఆయన శవపేటిక శ్మశానంలో తవ్విన గుంతలో పట్టదు. అందరికీ ఒకే కొలత గుంత, అదీ రూలు. మనవడు ఆఫీసుల చుట్టూ తిరిగి, బతిమాలి, చివరికి ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటాడు. దీన్ని చైనీసులో, ఇంగ్లీషులో రెండింటిలోనూ ఆడారు. ఇంగ్లీషులో టీవీ, సినిమా నటుడు లిమ్ కే టాంగ్ ఆ మనవడి పాత్ర వేశారు.

కొలతలు మన వృత్తి. అందుకే ఈ కథ మాకు సూటిగా తగిలింది. ఒకప్పుడు మేం పనిచేసిన చోట మన కుర్రాడికి ఇంటి దగ్గర తండ్రి పోయాడు. సెలవు కాగితం మూడు రోజుల ముందివ్వాలని రూలు. చావు మూడు రోజుల ముందు చెప్పి వస్తుందా? పైవాళ్లు కుదరదన్నారు. మేం కూడా రూలు రూలేనని ఆ మాటే అతనికి మోసుకెళ్లి చెప్పాం. అతను వెళ్లేసరికి కార్యం అయిపోయింది. ఈ నాటకం గురించి తెలిశాక ఆ కుర్రాడి మొహమే గుర్తొచ్చింది. రూలు తప్పని కువో చెప్పలేదు. కొలతకి ఇమడని మనిషి ఎదురైనప్పుడు ఏంచేస్తారని మాత్రం అడిగారు. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు.

అమ్మ, పిల్లి, తమిళ తాత

1988లో వచ్చింది 'పిల్లిని వెతుక్కునే అమ్మ'. సింగపూర్‌లో అన్ని భాషలవాళ్లూ ఒకే స్టేజీ మీద ఎవరి భాషలో వాళ్లు మాట్లాడిన తొలి నాటకంగా దీన్ని చెప్తారు. 1979 నుంచి సర్కారు చైనీయులందర్నీ మాండరిన్ మాట్లాడమని ప్రచారం చేసింది. హొక్కియెన్ లాంటి ఇంటి భాషలు వెనకబడ్డాయి. నాటకంలో అమ్మకి హొక్కియెన్ ఒక్కటే వచ్చు. పిల్లలవి ఇంగ్లీషు, మాండరిన్. ఒకే ఇంట్లో మాట కరువైపోయింది. ఆమెకు పిల్లే తోడు, అదీ కనపడకుండా పోతుంది. వెతుకుతుంటే ఓ తమిళ పెద్దాయన కలుస్తాడు. ఆయన పిల్లీ తప్పిపోయింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా చేతులతో, గొంతుతో పిల్లుల గురించి చెప్పుకుని ఒకరికొకరు అర్థమైపోతారు.

సైటు మీద ఆ పెద్దాయన మనమే. ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ అమ్మ కూడా మనమే. ఊళ్లో ఇంగ్లీషు మీడియం చదివే పిల్లలు రెండు ముక్కలు మాట్లాడి ఫోను వాళ్లమ్మకిచ్చేస్తుంటే తెలుస్తుంది ఆ బాధ.

దేశంలో కళాకారులకిచ్చే అతిపెద్ద గౌరవం కల్చరల్ మెడాలియన్. పౌరసత్వం తిరిగి రాకముందే సర్కారు దాన్ని ఆయనకిచ్చింది. 1992లో పౌరసత్వం తిరిగొచ్చింది. 1995లో చైనా నావికుడు జెంగ్ హె కథతో మరో పేరున్న నాటకం రాశారు. 2000లో టి. శశితరన్‌తో కలిసి, ఆసియా నాటక పద్ధతులు నేర్పే బడి మొదలుపెట్టారు. 2002 సెప్టెంబర్ 10న, 63 ఏళ్ల వయసులో, క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇప్పుడు మా సైటులో పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్ అయ్యాక, ఆ రోజు ముఖ్యమైన జాగ్రత్త ఒక్కటి తెలుగు, తమిళం, బెంగాలీ, చైనీసుల్లో తలా ఒకరం చెప్తున్నాం. మా చైనీసు విని చైనా మేస్త్రీ పగలబడి నవ్వుతాడు. నవ్వినా, ఆ జాగ్రత్త మాత్రం అతనికి గుర్తుంటోంది.